కల్లంలో తొక్కుడుబిళ్ళ

నా చిన్నప్పుడు, పెళ్ళయిన ఆడవాళ్ళు ఆటలాడటం తప్పని గట్టిగా నమ్మేదాన్ని. నమ్మి ఊరుకున్నా బాగుండేది. పదేళ్ళ వయసులో, ఆ తప్పు చేసిన పన్నెండు మంది ఆడవాళ్ళ మీద మా అమ్మకు చాడీ చెప్పాను. దాంతో మా సేద్యమే చేయి జారిపోయేంత పనయింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ సంగతి చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. పడాల్సిన సిగ్గంతా అప్పుడే, ఆ మిరపకల్లంలోనే పడిపోయాను.

ఈ మధ్య గుంటూరులో మేముండే అపార్టుమెంటులో ఒక మీటింగు పెట్టారు. ఉద్యోగాలు చేసే పిల్లలకు ఒత్తిడి ఎక్కువైపోతోంది, కింద ఖాళీగా పడి ఉన్న గదిలో ఏం పెడితే బాగుంటుందని చర్చ. ఒకరు యోగా అన్నారు, ఒకరు క్యారమ్స్ బోర్డులన్నారు, ఇంకొకరు నడిచే మిషను అన్నారు. ఒక పెద్దాయన లేచి, మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివండీ, పనే మాకు ఆట, పనే మాకు విశ్రాంతి అని ఉపన్యాసం ఇచ్చాడు. అందరూ తలలూపారు. నాకు ఒళ్ళు మండింది. ఆ రోజుల్లో నేనూ ఉన్నాను. పనే ఆట అనే మాట పని చేయించేవాళ్ళ నోట విన్నానే గానీ, నడుం విరిగేలా పని చేసినవాళ్ళ నోట ఒక్కసారీ వినలేదు. అక్కడ మాట్లాడితే ఆయన నొచ్చుకుంటాడని ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను.

మాది సత్తెనపల్లి దగ్గర నల్లరేగడి పల్లె. ఆ ఏడు దసరా వెళ్ళాక మా నాన్న ఎద్దుల బండి మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. బండి మీద నుంచి పడ్డానని చెప్పుకోవడం రైతుకు నామోషీ కాబోలు, ఎవరడిగినా బండే తన మీద పడిందనేవాడు. ఏది దేని మీద పడితేనేం, మనిషి మంచానికి అతుక్కుపోయాడు. బయట మిరపతోట పూత మీద ఉంది.

అప్పుడు మా పెదనాన్న వచ్చి, మంచం పక్కన కూర్చుని, పొలం తనకు కౌలుకు ఇచ్చేయమన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆడమనిషి సేద్యం చేయగలదన్న సంగతి ఆయన ఊహకు అందేది కాదు, అంతే. తలుపు వెనక నుంచి మా అమ్మ గొంతు వినబడింది. ఈ ఒక్క పంటా నన్ను తీయనివ్వండి బావగారూ, గుంటూరులో మన కాయకు మాటొస్తే ఉగాదికి పొలం మీకే అప్పజెబుతాను అంది. అంతకుముందు ఆయన ఎదుట ఆవిడ నోరెత్తిన పాపాన పోలేదు. పెదనాన్న సరే కానీమ్మా అని లేచి వెళ్ళిపోయాడు.

మన కాయకు మాట అంటే ఏమిటో చెప్పాలి. మిరపకాయ పండి ఎండేలోపు కొన్ని కాయలు రంగు విరిగి తెల్లబడతాయి. వాటిని తాలు అంటారు. కల్లంలో ఎండిన రాశి ముందు కూర్చుని తాలుకాయను ఒక పక్కకూ ఎర్రకాయను ఒక పక్కకూ ఏరాలి. పూర్తిగా తెల్లబడ్డ కాయను ఎవరైనా ఏరతారు. చిక్కంతా తొడిమ దగ్గర మాత్రమే పాలిపోయిన కాయతోనూ, ఒక పక్క ఎర్రగా ఉండి రెండో పక్క వెలిసిపోయిన కాయతోనూ. అలాంటివి బస్తాలో పడ్డాయంటే, గుంటూరులో కొనేవాడు మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు తీసి, నలుగురి ముందూ నేల మీద పోస్తాడు. మా నాన్న బస్తాల్లో ఎవరూ అలా చెయ్యి పెట్టి చూసేవారు కారు. ఆ నమ్మకం సంపాదించడానికి ఆయనకు పదిహేనేళ్ళు పట్టింది. ఇప్పుడది మా అమ్మ చేతిలో ఉంది.

తాలు ఏరడానికి మా కల్లానికి ఏటా వచ్చే ముఠానే ఆ ఏడూ వచ్చింది. పన్నెండు మంది ఆడవాళ్ళు. వాళ్ళ నాయకురాలిని ఊరంతా ముఠా పెద్దమ్మ అనేది. అరవై దాటిన మనిషి. చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, తలనూ మూతినీ కలిపి తువ్వాలుతో బిగించి కట్టుకుంటే కళ్ళు మాత్రమే కనబడేవి. ఆ కళ్ళతోనే ముఠాను నడిపేది. మాట చాలా పొదుపు.

చివరి కోత ఇంకా మిగిలి ఉండటంతో మా అమ్మ పగలంతా తోటలో ఉండేది. ఒంటిపూట బడులు కాబట్టి మధ్యాహ్నాలు నేను ఖాళీ. కల్లంలోకి మేకలు రాకుండా చూడమని నన్ను కూర్చోబెట్టింది. మేకలు మహా అయితే రోజుకు రెండుసార్లు వచ్చేవి. మిగతా పొద్దంతా ఏం చేయను? మనుషుల్ని చూడటం మొదలుపెట్టాను. చేతిలో కర్ర ఉంది, ఆసామి కూతుర్ని, ఇక అడిగేదేముంది. ఎవరు ఎన్నిసార్లు లేచారు, ఎవరు నీళ్ళకని వెళ్ళి ఎంతసేపటికి వచ్చారు, అన్నీ గుర్తుపెట్టుకునేదాన్ని. పెత్తనం రుచి ఆ వయసులో తగిలితే వదలడం కష్టం.

అలా చూస్తూ చూస్తూ నేను ఆ వింత కనిపెట్టాను. పొద్దు కాస్త వాలగానే పెద్దమ్మ తట్ట పక్కన పెట్టి లేచేది. ఆవిడ లేస్తే అందరూ లేచేవాళ్ళు. కల్లం చివర కర్రతో గళ్ళు గీసి ఉండేవి. పగిలిన కుండపెంకు ఒకటి తీసి తొక్కుడుబిళ్ళ మొదలుపెట్టేవాళ్ళు. పిల్లల తల్లులు, మనవలున్నవాళ్ళు, చీరలు ఎగదోపి ఒంటికాలి మీద గెంతడం! ఒప్పులకుప్పో చెమ్మచెక్కో ఎందుకు ఆడరంటే, మిరపకాయలు పట్టిన చేతులు మండుతుంటాయి, ఒకరి చేతులు ఒకరు పట్టుకునే వీలుండదు. కాళ్ళతో ఆడే ఆటే ఆడాలి. వాళ్ళ తొక్కుడుబిళ్ళలో మా బడిలో లేని నియమం ఒకటుండేది. బిళ్ళను గళ్ళన్నీ దాటించాక చివరి గడిలో ఒంటికాలి మీద నిలబడిపోవాలి. మిగతావాళ్ళు వెనక వరసగా నిలబడి ఇరవైదాకా లెక్కపెడతారు. ఆ తర్వాతే వెనక్కు తిరగాలి. గళ్ళు ఎప్పుడూ పక్కవాళ్ళ పచ్చటి జొన్నచేను వైపు మొహం పెట్టి గీసేవాళ్ళు. మహా అయితే చుట్ట కాల్చినంత సేపు. తర్వాత ఏమీ జరగనట్టు వచ్చి కూర్చునేవాళ్ళు. పొద్దున కూడా ఒకసారి ఇలాగే ఆడతారని వాళ్ళ మాటల్లో నాకు తెలిసిపోయింది.

ఒకసారి ముఠాలో అందరికంటే చిన్నదైన అక్క, నువ్వూ రావే ఆడుదువుగాని అని నన్ను పిలిచింది. వెళ్ళాలని కాళ్ళు లాగాయి. కానీ కర్ర పట్టుకున్న మనిషిని ఎలా వెళ్తాను? తల అటు తిప్పేసుకున్నాను. ఆ కోపంలోనో, ఆ ఉక్రోషంలోనో, ఆ సాయంత్రమే మా అమ్మకు చెప్పేశాను. ఉన్నది చెప్పినా సరిపోయేది. రోజంతా ఆడుతూనే ఉన్నారమ్మా అని చెప్పాను.

పాపం మా అమ్మ అప్పటికే భయంతో సగం అయిపోయి ఉంది. లారీ రావడానికి ఇంకా అయిదు రోజులే గడువు. మర్నాడు తోట పని మరొకరికి అప్పజెప్పి, బడికి ఇంకా వేళ కాని నన్నూ వెంటబెట్టుకుని తెల్లారేసరికి కల్లానికి వచ్చేసింది. ముఠా ఇంకా తువ్వాళ్ళు కట్టుకుంటోంది.

"ఏం పెద్దమ్మా, ఇది కల్లమా, బడి వసారానా? నా సంసారం ఒంటికాలి మీద నిలబడి ఉంటే మీరిక్కడ గెంతులేస్తన్నారా?" అంది. అంత గట్టిగా ఆవిడ ఎవర్నైనా కేకలెయ్యడం నేనెప్పుడూ వినలేదు.

పెద్దమ్మ కళ్ళు ఒక్కసారి నా మీద ఆగి, మళ్ళీ అమ్మ వైపు తిరిగాయి. "నువ్వొద్దంటే మానేస్తామమ్మా. కల్లం నీది," అంది. వెళ్ళి, ఆ గళ్ళను తన కాలితోనే చెరిపేసి వచ్చి కూర్చుంది.

నేను గెలిచాననుకున్నాను. ఒక పూట ఆ గెలుపు బాగానే ఉంది కూడా. కానీ రెండు రోజుల్లో ఆ కల్లం నేనెరిగిన కల్లంలా లేకుండా పోయింది. ముందు పాటలు ఆగిపోయాయి. తర్వాత మాటలు ఆగిపోయాయి. రెండో రోజు మధ్యాహ్నం ఇద్దరు అక్కచెల్లెళ్ళు తట్ట దగ్గర దేనికో అరుచుకుని, ఏడ్చి, దూరం దూరంగా కూర్చున్నారు. ఎండ, ఘాటు, దగ్గు అన్నీ అంతకుముందు ఉన్నవే, కానీ ఇప్పుడవి తప్ప ఇంకేమీ లేవు. మా అమ్మ వాళ్ళ మధ్యనే కూర్చుని అందరికంటే ఎక్కువ ఏరింది. మంచినీళ్ళకు కూడా లేవలేదు. బస్తాలు మాత్రం చకచకా నిండాయి. రెండు రోజుల్లో పద్దెనిమిది బస్తాలు. చూశావా, ఆట మానితే పని ఎట్లా నడుస్తుందో అని మా అమ్మ రాత్రి అన్నం పెడుతూ నాతో అంది. మా నాన్న మంచం మీద నుంచి ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు.

మూడో రోజు ఆదివారం. బడి లేదు కాబట్టి పొద్దున్నే అమ్మతో పాటు నేనూ కల్లానికి వెళ్ళాను. పెద్దమ్మ మాకంటే ముందే వచ్చి ఉంది. ఒక్కతే. నేల మీద తెల్లటి పంచె ఒకటి పరిచి ఉంది. పక్కన తట్టనిండా మిరపకాయలు, మీద గోనెపట్టా కప్పి ఉన్నాయి.

"బస్తా కుట్టకముందు ఒక తట్ట తీసి పక్కన పెట్టానమ్మా. ఏరిన కాయే. పంట ఎట్టా ఉందో నువ్వొకసారి చూడు," అని ఆ తట్టను పంచె మీద గుమ్మరించింది. అమ్మ వంగబోతే ఆపింది. "నువ్వొద్దు. అమ్మాయిని చూడనీ. రెండు రోజులుగా కాయ ఏరని కళ్ళు దానియ్యే."

నన్ను పిలిచినందుకు నేను పొంగిపోయాను. తెల్ల పంచె ముందు గొంతుక్కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. మొదటి కాయ తొడిమ దగ్గర పాలిపోయి ఉంది. పక్కన పెట్టాను. ఇంకోటి తిప్పి చూస్తే వెనక పక్క వెలిసిపోయి ఉంది. ఇంకోటి. ఇంకోటి. పదేళ్ళ పిల్లని, నాకేం పనితనం ఉందని? అయినా చూస్తుండగానే నా పక్కన తాలుకాయల కుప్ప లేచింది. మొదట ఉత్సాహంగా ఏరినదాన్ని, అమ్మ మొహం చూశాక నెమ్మదించాను. ఆవిడ పెదవులు తెల్లబడిపోయాయి.

"ఎవరేరారు పెద్దమ్మా దీన్ని?" అంది అమ్మ. గొంతులో కోపం సిద్ధంగా ఉంది.

"నిన్న సాయంత్రం నువ్వేరిన తట్టే తల్లీ," అంది పెద్దమ్మ.

అమ్మ వంగి, నేను పక్కన పెట్టిన తాలుకాయ ఒకటి తీసి తిప్పి చూసింది. ఆవిడ ఏడవడం నేను చూశాను. నాన్న కాలు విరిగినప్పుడు కూడా ఏడవని మనిషి, చెంగుతో కళ్ళు తుడుచుకోబోతే, ఆ చెంగుకున్న ఘాటు కళ్ళకు తగిలి ఇంకా ఎక్కువ నీళ్ళొచ్చాయి. పెద్దమ్మ ముంతతో నీళ్ళు తెచ్చి తనే ఆవిడ మొహం కడిగింది. కడుగుతూ, జీవితంలో ఎప్పుడూ అన్ని మాటలు మాట్లాడలేదేమో, ఒక్కొక్కటీ విడమరిచి చెప్పింది.

పొద్దస్తమానం ఎరుపే చూస్తుంటే కళ్ళకు ఎరుపెక్కుతుంది. అప్పుడు పాలిపోయిన కాయ కూడా ఎర్రగానే కనబడుతుంది. ఏరే మనిషికి ఆ సంగతి తెలియదు, బాగానే ఏరుతున్నాననుకుంటుంది. మధ్యలో కళ్ళను పచ్చదనం మీద పెడితే ఆ ఎరుపు దిగుతుంది. పెద్దమ్మకు ఇది వాళ్ళ అత్త చెప్పిందట.

"లేచి కాసేపు జొన్నచేను చూడండర్రా అంటే ఎవరు చూస్తారమ్మా? ఊరికే నిలబడాలంటే కూలోళ్ళకి సిగ్గు. ఆసామి చూస్తే ఏమనుకుంటాడోనని దడ. అదే ఆటనుకో, పిలవకుండానే లేస్తారు. ఒంటికాలి మీద ఇరవై లెక్క నిలబడాలంటే చూపు ఎదర దేనిమీదో నిలపాలా వద్దా? నిలపకపోతే పడిపోవూ? ఎదర జొన్నచేనే గదా ఉండేది. కళ్ళు కడుక్కున్నట్టవుద్ది. నవ్వుతారు గాబట్టి నడుమూ సాగుద్ది."

మరి మొన్న నేను కేకలేసినప్పుడే ఈ మాట చెప్పొచ్చుగా అని అమ్మ అడిగింది. భయపడ్డ మనిషికి చెప్తే ఎక్కదమ్మా, చూపెట్టాలి అంది పెద్దమ్మ. ఆవిడ కావాలనే రెండు రోజులు ఆగిందని నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ అర్థం కాలేదు. ఆ రెండు రోజుల బస్తాలన్నీ విప్పి మళ్ళీ ఏరాల్సి వస్తుందని తెలిసీ ఆగింది. ఆ ఏరేది తన ముఠానే కదా.

ఈలోగా ముఠా అంతా వచ్చింది. లెక్క చూస్తే పద్దెనిమిది బస్తాలు తిరగ ఏరాలి, అసలు ఏరాల్సిన రాశి ఇంకా సగం అలాగే ఉంది, లారీ ఎల్లుండి పొద్దునకల్లా వచ్చేస్తుంది. ఏ తెలివైన ఆసామి అయినా ఇక్కడ, సరే, ఈ రెండు రోజులకు మాత్రం ఆట వద్దు, తర్వాత చూద్దాం అంటాడు. మా అమ్మ కూడా అంటుందనే అనుకున్నాను. ఆవిడ కల్లం చివరిదాకా నడిచివెళ్ళి, నా చేతిలోని కర్ర తీసుకుని, జొన్నచేను వైపు మొహం పెట్టి గళ్ళు గీయడం మొదలుపెట్టింది. గీతలు వంకరటింకరగా వచ్చాయి. పెళ్ళయినప్పటి నుంచీ ముగ్గులు తప్ప గళ్ళు గీసిన చెయ్యి కాదది.

ఆ రోజు పనిని నేనెప్పటికీ మరిచిపోను. బస్తాలు విప్పి పోసుకుని ఏరుతున్నారు, పొద్దు కొంచెం కదలగానే లేస్తున్నారు, ఆడుతున్నారు, మళ్ళీ కూర్చుంటున్నారు. పాటలు తిరిగి వచ్చాయి. అరుచుకున్న అక్కచెల్లెళ్ళు ఎప్పుడు కలిసిపోయారో కలిసిపోయారు. మా అమ్మ మొదట వెనక వరసలో నిలబడి లెక్క మాత్రమే పెట్టింది. మధ్యాహ్నానికి వాళ్ళు ఒప్పుకోలేదు. చీర ఎగదోపించి ముందుకు నెట్టారు. మా అమ్మకు అప్పుడు ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆవిడ ఆడటం నేను అంతకుముందు చూడలేదు. ఆడగలదని కూడా అనుకోలేదు. మొదటి గడిలోనే గీత తొక్కింది. ఇంకోసారి ఇంకోసారి అని పసిపిల్లలా బతిమాలింది. రెండోసారి బిళ్ళను గళ్ళన్నీ దాటించి, చివరి గడిలో ఒంటికాలి మీద నిలబడింది. మేం లెక్క మొదలుపెట్టాం.

పదకొండు దగ్గర లెక్క ఆగిపోయింది. చూస్తే కల్లం గట్టు మీద సైకిలు ఆపి మా పెదనాన్న నిలబడి ఉన్నాడు. ఎల్లుండి లారీ వస్తుందనగా, కల్లంలో బస్తాలు విప్పి పోసి ఉండగా, తమ్ముడి భార్య చీర ఎగదోపుకుని ఒంటికాలి మీద నిలబడి ఉంది. ఆయన ఏమనుకునేదీ ఆయన మొహంలోనే రాసి ఉంది. ఉగాదికి పొలం ఎవరిదో కూడా అక్కడే రాసి ఉంది. ముఠా ఆడవాళ్ళు పమిటలు సర్దుకుని తలలు దించుకున్నారు. మా అమ్మ కాలు కింద పెట్టేస్తుందని అనుకున్నాను.

ఆవిడ పెట్టలేదు. తల కూడా తిప్పలేదు. జొన్నచేను మీదే చూపు నిలిపి, కాస్త ఊగుతూ, "లెక్క ఆపారేమే? పదకొండయింది," అంది.

ఎవరూ నోరు విప్పలేదు. విప్పలేరు. వాళ్ళు రేపు పెదనాన్న కల్లంలో కూడా పని చేసుకోవాల్సినవాళ్ళు. అక్కడ భయపడాల్సిన అవసరం లేని మనిషిని నేనొక్కదాన్నే. ఇదంతా మొదలుపెట్టిందీ నేనే. గొంతు చించుకుని పన్నెండు అని అరిచాను. నా ఒక్క గొంతుతోనే పదమూడు, పద్నాలుగు కూడా అయ్యాయి. పదిహేను దగ్గర పెద్దమ్మ కలిసింది. పదిహేడుకల్లా కల్లమంతా కలిసింది. ఇరవై అనగానే అమ్మ రెండో కాలు దించి, చీర సర్దుకుని, తలమీద చెంగు కప్పుకుని గట్టు దగ్గరికి వెళ్ళింది.

"ఏందమ్మా ఇది, సేద్యం ఇట్టా చేస్తారా?" అన్నాడు పెదనాన్న.

"తిరగ ఏరిన బస్తాలు అటుపక్క ఉన్నాయి. ఏదన్నా ఒకటి విప్పి అడుగుదాకా చెయ్యి పెట్టి చూసుకోండి బావగారూ. తాలుంటే పొలం ఇప్పుడే తీసుకోండి, ఉగాదిదాకా ఎందుకు?" అంది అమ్మ.

ఆయన ఒకటి కాదు, మూడు బస్తాలు విప్పాడు. మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. తీసిన ప్రతి గుప్పెడూ ఎండలో తిప్పి తిప్పి చూశాడు. మూడో బస్తా మూతి తనే కట్టేసి సైకిలెక్కాడు.

ఆ రాత్రి అమ్మ సంగతంతా చెబితే నాన్న మంచం మీద కదిలిపోయేలా నవ్వాడు. ఆ ఆట తనకు తెలుసట. తెలియడమేమిటి, ఎవరూ చూడకుండా ప్రతి ఏడూ ఒకటి రెండు విడతలు తనూ ఆడేవాడట. అడిగితే చెప్పేవాణ్ణిగా అన్నాడు. అడగకపోతే నోరు పడిపోయిందా అని అమ్మ గరిటె చూపించింది. కాలు విరిగాక మా ఇంట్లో అంత నవ్వు వినబడటం అదే మొదలు.

లారీ వచ్చింది. ఆ కాలంలో ఆడవాళ్ళు కాయ వెంట గుంటూరు వెళ్ళేవారు కారు కాబట్టి పెదనాన్నే వెళ్ళాడు. మర్నాడు సాయంత్రానికి తిరిగొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. అమ్మ తలుపు దగ్గర నిలబడింది. తలుపు వెనక కాదు, దగ్గర. ఆయన మంచినీళ్ళు తాగి, చెంబు కింద పెట్టి, "కొనేవాడు చెయ్యి పెట్టాడు. ఆడమనిషి సేద్యమని తెలిసి నాలుగు బస్తాల్లో పెట్టాడు. తాలు లేదు," అన్నాడు. ఆ ముఠాను మా కల్లానికి కూడా పంపమ్మా, వాళ్ళేం గీసుకుంటారో గీసుకోమను అన్నాడు. పొలం మాట మళ్ళీ ఎత్తలేదు. మా నాన్న లేచి నడిచాక కూడా మిరప సేద్యం మా అమ్మదే.

లారీ వచ్చేదాకా వాళ్ళతో పాటు నేనూ గెంతాను గానీ, నాకు లోపల ఒక ముల్లు ఉండిపోయింది. ముఠా వేరే కల్లానికి వెళ్ళేరోజు పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, ఆ రోజు అమ్మకు చెప్పింది నేనేనని చెప్పేశాను. రోజంతా ఆడుతున్నారని అబద్ధం కూడా కలిపానని చెప్పి ఏడ్చాను. ఆవిడ తువ్వాలు విప్పుకుంటూ నా వంక చూసి నవ్వింది.

"తెలుసులే అమ్మాయ్. ఆడటం రానోళ్ళే చాడీ చెప్తారు. ఇప్పుడు నీకు వచ్చుగా," అంది.

ఆ మాటే నా బతుకు తెరువయింది. నేను చదువుకుని బళ్ళో ఆటల టీచరునయ్యాను. ముప్పై మూడేళ్ళు చేశాను. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడగానే లెక్కల మాస్టారు, ఇంగ్లీషు మాస్టారు నా పీరియడ్ అడగడానికి వరస కట్టేవాళ్ళు. ఒక్క పీరియడూ ఇవ్వలేదు. హెడ్మాస్టర్లు పిలిచి చెప్పినా ఇవ్వలేదు. పరీక్ష నెలలో ఇంకో పీరియడ్ కావాలని ఎదురు అడిగాను. మొండిది అన్నారు, అననీ. చదివి చదివి కళ్ళకు అక్షరాలెక్కిపోయిన పిల్లలు తప్పును ఒప్పనుకుని రాసుకుంటూ పోవడం నేను కళ్ళారా చూశాను. ఆడి వచ్చాక అదే పిల్లలు ఆ తప్పును తామే పట్టుకుని నాలుక కరుచుకోవడమూ చూశాను.

ఒత్తిడి తగ్గాలంటే ఏ ఆట మంచిదని ఇప్పుడు ఎవరడిగినా నేను ఆట పేరు చెప్పను. పని మధ్యలో మిమ్మల్ని నవ్వుతూ లేపగలిగేది, చూపును కాసేపు దూరం తీసుకెళ్ళేది ఏదైనా సరే అంటాను. లేచినందుకు సిగ్గుపడకండి అని మాత్రం గట్టిగా చెబుతాను. ఆ సిగ్గు వల్లే మా అమ్మ రెండు రోజుల శ్రమ తాలు పాలయింది.

ఇక నా సంగతంటారా, ఆ కల్లంతోనే నాలోని కాపలా మనిషి పోయింది. ఇంట్లో పనమ్మాయి అంట్లు మధ్యలో ఆపి వసారాలోకి వెళ్ళినా, బ్యాంకులో గుమాస్తా కలం పక్కన పెట్టి కిటికీ దగ్గరికి నడిచినా, ఎంతసేపటికి వస్తారోనని నేను చూడను. వాళ్ళు ఎటు చూస్తున్నారో నేనూ అటు చూస్తాను.